అల్లె దించిన విల్లు: గాలి పిస్తోలును భద్రపరచు విధము

అజ్ఞాతవాసమునకై విరటుని పురము చేరబోవుచు పాండవులు ఊరి వెలుపలి శ్మశానమునందు జమ్మిచెట్టుపై తమ ఆయుధములను దాచిన కథ, దసరా నాడు జమ్మి ఆకును చేతబెట్టి పెద్దలకు మ్రొక్కు ప్రతి తెలుగింటికిని తెలిసినదే. ఆ కథను పరాక్రమగాథగా గాక, ఆయుధములను భద్రపరచు విద్యగా ఒక్కమారు చదివి చూడుడు. వారు ముందుగా విండ్ల అల్లెలను సడలించిరి; ఎక్కుపెట్టిన విల్లు వాడకున్నను లోలోన అలసిపోవును గదా! పిదప నకులుడు చెట్టెక్కి, వాననీరు సోకని తావు వెదకి వానిని కట్టెను. అన్యులెవ్వరును దరిజేరకుండ ఒక శవమును ఆ చెట్టుకు వ్రేలగట్టిరి. ఇదంతయు ముందుగా లెక్కగట్టుకొన్న ఏడాది గడువునకు. బిగువు, తేమ, అన్యహస్తము, కాలము: ఆయుధమును అది నిద్రించుచుండగనే చెరచగల శత్రువులు ఈ నాలుగు. నేటి క్రీడాకారుని గాలి పిస్తోలునకును ఇవియే శత్రువులు. ఆ పిస్తోలునకు ప్రాణమైనది బంధింపబడిన వాయువు గనుక, ఐదవదిగా వేడిమియు వచ్చి చేరినది.

1988 నాటి సియోల్ ఒలింపిక్ క్రీడలనుండి స్త్రీపురుషు లిరువురకును పోటీగా నెలకొన్న ఈ క్రీడలో, 4.5 మిల్లీమీటర్ల వ్యాసము గల సీసపు గుండును 10 మీటర్ల దూరమునందలి లక్ష్యఫలకముపైకి వదలుదురు. ఆ ఫలకమున పది పాయింట్లు తెచ్చు నడిమి వలయపు వ్యాసము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. హైదరాబాదు బాలిక ఈషా సింగ్ 2018లో 13 ఏండ్ల ప్రాయమున ఈ పోటీయందు జాతీయ విజేతగా నిలిచినప్పటినుండియు, 2024లో పారిస్ నగరమున మనూ భాకర్ ఇదే పోటీలో కంచు పతకము గెలిచిన పిమ్మటను, మన పట్టణములలో ఎందరో బాలబాలికలు ఈ పిస్తోలును చేతబట్టుచున్నారు. అభ్యాసశాలలో గడుపునది రెండు మూడు గంటలు. తక్కిన ఇరువది గంటలకు మించిన కాలమంతయు ఆ పిస్తోలు ఇంటిలో, బీరువాలో, సంచిలో, కారులో ఉండును. గురిచూచుట నేర్పు గురువులు పలువురు గలరు గాని, ఆ మిగిలిన కాలమును గురించి చెప్పువారు తక్కువ. ఈ వ్యాసము ఆ కాలమును గురించినది.

మొదట సిలిండరును చూతము. చేతిలో నిమిడిపోవు చిన్న టార్చిలైటు వంటి లోహపు గొట్టమది. లోపలి ఖాళీ సుమారు 100 ఘన సెంటీమీటర్లు. అందు సాధారణముగా 200 బార్ల పీడనమున గాలి నింపుదురు. ఒక బార్ అనగా మన చుట్టునున్న వాతావరణపు ఒత్తిడికి ఇంచుమించు సమానము. 200 బార్లనగా ప్రతి చదరపు సెంటీమీటరుపైనను, అనగా బొటనవ్రేలి గోరంత చోటుపై, రెండు క్వింటాళ్ళకు మించిన బరువు అహోరాత్రములు ఒత్తుచుండుట. గుండు గొట్టమును వీడునపుడు దానియందుండు శక్తి సుమారు 6 జౌళ్ళు. నిండిన సిలిండరు ఒక్కసారిగా పగిలినచో వెలువడగల శక్తియో, సుమారు 4,000 జౌళ్ళు. నాలుగు క్వింటాళ్ళ బరువును ఒక మీటరు ఎత్తునకు లేపగలంత. కావున పిస్తోలు గొట్టమునకు జంకి, సిలిండరును బొమ్మవలె చూచుట తలక్రిందులైన వివేకము. ఇట్లని భయపడ నక్కరలేదు. వాయువు స్వభావము నెరిగి నడచుకొనువానికి ఈ శక్తి పెంపుడు గోవువలె సాధువు.

ఆ స్వభావములో మొదటిది వేడిమికి లొంగుట. మూసిన పాత్రలోని వాయుపీడనము దాని పరమ ఉష్ణోగ్రత ననుసరించి పెరుగును. 25 డిగ్రీల సెల్సియసున 200 బార్లకు నింపిన సిలిండరును మే మాసపు మధ్యాహ్నమున తలుపులు బిగించి ఎండలో నిలిపిన కారులో వదలితిమనుకొందము. లోపలి వేడిమి 60 డిగ్రీలకు చేరినచో పీడనము 223 బార్లగును. పెరుగుదల పాతికలోపే గనుక గట్టి లోహము దీనిని సహించును. సాధారణముగా 200 బార్ల సిలిండరును 300 బార్ల ఒత్తిడికి పరీక్షించియే విడుదల చేయుదురు. అయినను మొదటనే మోతాదు మించి నింపినదైనను, ఏండ్లు చెల్లినదైనను, గీతలు, సొట్టలు పడినదైనను ఆ అదనపు భారము ఏ సన్నని పగులునైనను వెదకి పట్టుకొనును. కావుననే సిలిండరును ఎండ సోకని, పొయ్యికి దూరమైన, నీడపట్టున ఉంచవలెను. ఇంటి పైకప్పు క్రింది అటక వేసవిలో పనికిరాదు.

ఈ సూత్రమునే నింపునపుడు చేతితో తాకి తెలిసికొనవచ్చును. పెద్ద సిలిండరునుండి చిన్నదానిలోనికి గాలిని తొందరగా వదలినచో చిన్నది వెచ్చబడును. సైకిలు పంపు మొన కాలినట్లే, ఒత్తబడిన గాలి తాను వేడెక్కి లోహమును వేడెక్కించును. 50 డిగ్రీల వేడిమిలో 200 బార్లు చూపిన మీటరు ముల్లు, సిలిండరు 25 డిగ్రీలకు చల్లారిన పిదప 185 దరికి దిగును. సిలిండరు కారుచున్నదని తలచి క్రొత్తవారు కలవరపడుటయు, లోటు పూడ్చవలెనని మరల మరల నింపుటయు కలదు. నిజమునకు కారినదేమియు లేదు. వేడిమి దిగినది, దానితో పీడనము దిగినది. మెల్లగా నింపి, గది వేడిమికి రానిచ్చి, అప్పుడు ముల్లును చూచుట సరియైన పద్ధతి. ఆ అంకెను, ఆ తేదీని ఒక చిన్న పుస్తకమున వ్రాసికొన్నచో, వారము గడచిన పిమ్మట ముల్లు చెప్పునది నిజముగా కారుటయో, కేవలము వాతావరణపు మార్పో తేలిపోవును.

గాలి విషయ మింత సాధువు గాని, బొగ్గుపులుసు వాయువుతో పనిచేయు పాత పిస్తోళ్ళ విషయ మట్లు కాదు. అవి నేటికిని కొందరి చేతుల నున్నవి. ఆ సిలిండరులో వాయువు కొంత ద్రవముగను, కొంత ఆవిరిగను కలిసియుండును. ద్రవ మున్నంతవరకు పీడనము వాయువు రాశిని బట్టి గాక, వేడిమిని బట్టియే నిలుచును. 0 డిగ్రీలయందు అది 35 బార్లు. 20 డిగ్రీలయందు 57. 30 డిగ్రీలయందు 72. ఇట్లు పెరుగుచు పోయి ఒక మెట్టున ద్రవమునకును ఆవిరికిని భేదమే నశించును. ఆ మెట్టును కనుగొన్నవాడు ఐర్లండు దేశపు బెల్ఫాస్టు నగరమున రసాయన శాస్త్రాచార్యుడుగా నుండిన థామస్ ఆండ్రూస్. బలమైన గాజు గొట్టములలో బొగ్గుపులుసు వాయువును బంధించి, పాదరసముతో ఒత్తుచు, వేడిమిని కొంచెము కొంచెముగా పెంచి చూచిన ఆయన, సుమారు 31 డిగ్రీలు దాటినచో ఎంత ఒత్తినను అది ద్రవము కాదని 1869లో లోకమునకు ప్రకటించెను. ఆ హద్దునే సందిగ్ధ ఉష్ణోగ్రత యందురు.

చలిదేశమున ఆ హద్దును చేరుటకు ఆయన గొట్టములను పనిగట్టుకొని వేడి చేయవలసివచ్చెను. మనకా శ్రమ లేదు. రెంటచింతలలోనో, రామగుండములోనో వేసవి పొద్దు నాలుగు బారలెక్కకముందే 31 డిగ్రీలు దాటిపోవును. కావున మన నేలపై బొగ్గుపులుసు వాయువు సిలిండరు వేసవి దినములను ద్రవమును గాక ఆవిరియును గాక నడిమి స్థితిలో గడుపుచుండును. అప్పుడు దాని పీడనము ఎంతమేర నింపితిమను దానిపై ఆధారపడును. లీటరు చోటునకు 750 గ్రాముల చొప్పున నింపినది 50 డిగ్రీలయందు 150 బార్లు దాటును. దురాశతో 900 గ్రాముల చొప్పున కుక్కినది 300 బార్లను మించును. ద్రవము నిండిపోయి వ్యాకోచించుటకు చోటు లేనపుడు జరుగునది అది. అందువలననే ఈ సిలిండరును మీటరు ముల్లుతో గాక తక్కెడతో నింపవలెనని నియమము: ఖాళీ బరువు, నిండు బరువు సరిచూచి, మించినదానిని వెంటనే వదలివేయవలెను. వేడిమికి ఇంతగా చలించు వాయువుతో గుండు వేగమును నిలుకడగా నుంచుట దుష్కరమగుటచేతనే పోటీదారులు క్రమముగా దానిని విడనాడి, పీడన నియంత్రకము గల గాలి సిలిండరును ఆశ్రయించిరి.

రెండవ శత్రువు తేమ. ఇది బయటినుండియు వచ్చును, లోపలినుండియు వచ్చును. లోపలిది కనబడనిది గనుక దానినే ముందు చెప్పవలెను. విశాఖపట్టణపు సముద్రతీరమున 30 డిగ్రీల వేడిమియు, నూటికి 80 వంతుల ఆర్ద్రతయు గల దినమున, ఒక ఘనమీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటియావిరి యుండును. మన చిన్న సిలిండరులో 200 బార్లకు ఒదుగునది సుమారు 20 లీటర్ల బయటి గాలి. దానితోపాటు వచ్చు నీరు అర గ్రాము. ఒత్తబడి 100 ఘన సెంటీమీటర్లకు కుంచించుకొనిన చోట ఆవిరిగా నిలువగల నీరు సుమారు 3 మిల్లీగ్రాములే. దారిలో వడబోసి ఆపకున్నచో తక్కినదంతయు నీటిబొట్టులై సిలిండరు గోడలపై చేరును. ఒక్కసారికి ఇంత, ఏడాదికి ఎన్నిసార్లు నింపుదుమో లెక్కించుకొనుడు. ఉక్కు తుప్పు పట్టును, అల్యూమినియము తెల్లని పొక్కులు తేలును, నియంత్రకములోని సన్నని దారులు మూసికొనును. కావున నింపు గాలి శ్వాసకు యోగ్యమైనంత శుద్ధమును, బాగుగా ఎండినదియునై యుండవలెను. చేతిపంపుతో నింపువారు దానిలోని తేమను పట్టు పొడిని నియమముగా మార్చవలెను.

ఇచ్చట మరియొక ప్రశ్న పుట్టును. పాండవులు అల్లె దించిరి గదా, మనమును సిలిండరును పూర్తిగా ఖాళీచేసి దాచవలదా? వలదు. విల్లునకును సిలిండరునకును భేదమిక్కడనే. వంగిన కొయ్య బిగువునకు క్రమముగా లొంగిపోవును; పరిమితిలో నున్న పీడనమునకు సిలిండరు లోహము లొంగదు. అంతేకాక లోపలి పీడనమే కవాటమును దాని పీఠముపై గట్టిగా కూర్చుండబెట్టి, బయటి తేమను, ధూళిని రానీయకుండ కావలి కాయుచుండును. పూర్తిగా వట్టిపోయిన సిలిండరు తలుపు తెరచిన ఇల్లు వంటిది. కొంత గాలి మిగిల్చి దాచుట మేలు. ఎంతయన్నది ఆయా పిస్తోలు తయారీదారు తన మార్గదర్శినిలో చెప్పును. విమానయానము మాత్రము దీనికి మినహాయింపు. అచ్చట సిలిండరును ఖాళీచేసియే తీసికొనిపోవలెను. ఖాళీచేయునపుడును తొందర తగదు. వ్యాకోచించు వాయువు చల్లబడి, లోహముపై మంచు పేర్చి, లోపలి రబ్బరు వలయములను బిరుసెక్కించును.

ఆ రబ్బరు వలయములను ఒక్కమారు దగ్గరగా చూడవలెను. సిలిండరు మెడవద్ద చిన్న గాజుపూసకు చుట్టిన నల్లదారము వలె కానవచ్చు ఆ వలయము మందము మిల్లీమీటరో, రెండు మిల్లీమీటర్లో. 200 బార్లకును బయటి లోకమునకును నడుమ అడ్డుగా నిలిచినది అదియే. దుమ్ము రేణువొక్కటి దానిపై గీత గీసినచో గాలి రాత్రంతయు సన్నగా కారిపోవును. బొగ్గుపులుసు వాయువు రబ్బరులో ఇంకు స్వభావము గలది. ఒక్కసారిగా పీడనము దింపినచో ఇంకిన వాయువు లోలోన పొంగి వలయమును బుడగలెత్తించును. దానిని మార్చునపుడు సూదితోనో, చాకుమొనతోనో పెకలింపరాదు; కొయ్యపుల్లతో మెల్లగా లేపవలెను. తయారీదారు చెప్పిన సిలికాను జిడ్డును వ్రేలికొనతో పలుచగా రాయుట చాలును.

ఇంటిలో కుట్టుమిషను నూనె యున్నది గదా, రెండు చుక్కలు వేసిన పోవునేమి యని తోచవచ్చును. పెద్ద ప్రమాదమునకు దారి అది. ఇరుకు చోటిలోని గాలి క్షణములో 200 బార్లకు ఒత్తబడినచో దాని వేడిమి సిద్ధాంతరీత్యా వేయి డిగ్రీల సెల్సియసును దాటును. డీజిలు యంత్రమున నూనె అంటుకొనునది ఈ సూత్రముననే. కావున నింపు గొట్టములకును కవాటములకును నూనె తగులనీయరాదు, కవాటమును మెల్లగా త్రిప్పవలెను, గాలికి మారుగా ఆమ్లజనిని ఎన్నడును నింపరాదు. శుద్ధ ఆమ్లజని సమక్షమున జిడ్డు తానై నిప్పగును.

ఇక పిస్తోలు సంగతి. సిలిండరును విప్పితిమి గనుక ఆయుధము చచ్చినదని తలచుట పొరపాటు. నియంత్రకపు గదిలో మిగిలిన గాలి మరియొక గుండును తోయగలదు. కావున గొట్టమును నిరపాయమైన దిక్కునకు త్రిప్పి, గుండు లేదని కంటితో చూచి, ఆ మిగిలిన గాలిని వదలివేసి, ఆపైననే పెట్టెలో నుంచవలెను. ఇదియే మన అల్లె దించుట. స్ప్రింగుతో పనిచేయు పిస్తోలును ఎక్కుపెట్టి దాచినచో స్ప్రింగు పొట్టిపడి బలము తగ్గును. ఒక్క ఒత్తుతో గాలి నింపుకొను పిస్తోలును బిగించియుంచినచో దాని రబ్బరు వలయములు అలసిపోవును. అభ్యాసానంతరము మెత్తని గుడ్డతో పిడిని, లోహభాగములను తుడువవలెను. అరచేతి చెమటలోని ఉప్పు ఒక్క రాత్రిలో ఉక్కుపై వ్రేలిముద్రను తుప్పుగా అచ్చొత్తగలదు. పెట్టెలోని స్పాంజి తేమను పీల్చి దాచుకొనును గనుక వర్షాకాలమున దానిని తెరచి ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లము నొకటి ఉంచవలెను. నీలపు పూసలు గులాబిరంగు తేలినచో అవి నిండినవని అర్థము, వేడిచేసి ఆర్చిన మరల పనికివచ్చును. గుండ్లడబ్బాను వేరుగా, పొడిచోట ఉంచవలెను; సీసము విషము గనుక తెల్లని పొడి పట్టిన గుండ్లను పారవేయవలెను, డబ్బా తాకిన చేతిని కడిగికొననిదే అన్నము ముట్టరాదు.

కాలమును గురించి సిలిండరే మనకు చెప్పును. దాని మెడపైననో, ఒంటిపైననో తయారైన మాసము, సంవత్సరము, పనిచేయు పీడనము, పరీక్షించిన పీడనము చెక్కబడియుండును. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమము ప్రకారము సిలిండరు గరిష్ఠాయువు 10 సంవత్సరములు. ఆ గడువును గమనించు బాధ్యత క్రీడాకారునిదే. పైకి తళతళలాడుచున్న దానిని ఏల త్యజింపవలెను? నింపిన ప్రతిసారియు లోహము కంటికి కనబడనంతగా సాగును, వాడినప్పుడు ముడుచుకొనును. తీగను అటునిటు వంచినచో ఒకానొక వంపునకు తెగినట్లు, ఈ సాగుటయు ముడుచుటయు వేలమారులు జరిగిన పిదప లోలోన పగులు పుట్టును. పెద్ద సిలిండర్లకు నియమిత కాలమున నీటిపీడన పరీక్ష జరుపుదురు. నీరు ఒత్తిడికి ఇంచుమించు కుంచించుకొననిది గనుక అందు శక్తి నిలువయుండదు. సిలిండరు పగిలినను పేలదు, నీరు చిందును, అంతే. గడువు తీరిన చిన్నదానిని పూర్తిగా ఖాళీచేయించి, పని తెలిసినవారిచేత మరల నింపుటకు వీలులేనట్లు చేయించుట ధర్మము. అది పాతసామానులవాని బండిలో పడి తెలియని చేతిని చేరరాదు.

అన్యహస్తము చివరి శత్రువు, అన్నిటికంటె దారుణమైనది. మన దేశపు 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారము 4.5 మిల్లీమీటర్ల రంధ్రమును, 20 జౌళ్ళ శక్తిని మించని గాలి ఆయుధములకు లైసెన్సు అక్కరలేదు. చట్టము సడలించినది పత్రమునే గాని బాధ్యతను గాదు. క్షణమునకు సుమారు 150 మీటర్ల వేగముతో పోవు సీసపు గుండు కాగితముపై పాయింటు తెచ్చును. పసివాని కంటిపై చూపు హరించును. పిస్తోలు ఒక తాళమున, గుండ్లు వేరొక తాళమున, తాళపుచెవులు పెద్దల నడుమున ఉండవలెను. క్రీడాస్థలములలో గొట్టము పొడవునను ప్రకాశవంతమైన రంగుదారము దూర్చి, గుండు లేదని దూరమునుండియే అందరకును చూపు నియమము కలదు. ఆ దారము ఇంటి పెట్టెలోనను అట్లే ఉండదగినది. పాండవులు శవమును కట్టి చాటినది "దరికి రావలదు" అని. ఈ దారము "ఇది నిరపాయము, చూచికొనుడు" అని చాటును. మాటలు వేరు, జాగ్రత్త యొక్కటే.

ఏడాది గడచిన పిమ్మట ఉత్తరకుమారుని చెట్టెక్కించి అర్జునుడు గాండీవమును దింపించినపుడు, దానిని బాగుచేసికొనుటకు అతనికి పూటయైనను పట్టలేదు. అల్లె తొడిగెను, మ్రోగించెను, గోవులను మరలించెను. ఎదుట కౌరవసేన నిలిచియున్న ఆ ఘడియలో అల్లె తెగినను, విల్లు బెణికినను సవ్యసాచి నేర్పు ఏమయ్యెడిది? అభ్యాసశాలలో నిలిచిన బాలిక చేతిలోని పిస్తోలును అట్టిదే. పోటీనాటి ఉదయమున ఆమె పెట్టె తెరచి, రంగుదారము తీసి, సిలిండరు తేదీ చూచి, ముల్లును పుస్తకములోని నిన్నటి అంకెతో సరిపోల్చి, చేతితోనే బిగించి, చేయి చాపి నిలుచును. 10 మీటర్ల దూరమున 11.5 మిల్లీమీటర్ల వలయమును తాకు ఆ మొదటి గుండు వెనుక ఆమె గురి యెంత కలదో, గడచిన రాత్రి పిస్తోలును దాచిన తీరును అంతయే కలదు.